మ్యాచ్ రాత్రి పెనం మీద ఏముంది? ముర్తబాక్, రోటీ జాన్‌ల కథ

సైట్లో ఉండో, నైట్ షిఫ్టులో ఉండో ఈ వారం ఎపిసోడ్ వినలేకపోయిన వాళ్ళ కోసం ఎప్పటిలాగే ఇక్కడ రాసి పెడుతున్నాను. మాటల్లో చెప్పింది కాబట్టి కాస్త అటూఇటూగా ఉంటుంది, సర్దుకుని చదవండి.

ఈసారి విషయం తిండి. అలాగని బిర్యానీ కాదు, పప్పుచారు కాదు. మ్యాచ్ ఉన్న రాత్రి తినే తిండి. అమెరికాలో పెద్ద ఫుట్‌బాల్ ఆట ఉన్న రోజున ఒక్కో ఊరికి ఒక్కో వేడి మాంసం శాండ్‌విచ్ ఉంటుంది, పక్కన పిజ్జా డబ్బాలు దొంతరగా ఉంటాయి. సినిమాల్లో చూసే ఉంటారు. మరి మనలాంటి వాళ్ళం, ఇక్కడ సింగపూర్‌లో, సెంగ్‌కాంగ్‌లాంటి చోట, ఆట చూస్తూ ఏం తింటాం? ఆ తిండి ఎక్కడి నుంచి వచ్చింది? దాన్ని ఎవరు చేశారు? ఈ చివరి ప్రశ్న కోసమే ఈ ఎపిసోడ్ చేశాను.

ముందు గడియారం సంగతి

ఇండియాలో ఐపీఎల్ మ్యాచ్ రాత్రి ఏడున్నరకి మొదలవుతుంది. దుబాయ్‌లో ఉన్నవాళ్ళకి అది సాయంత్రం ఆరు, కువైట్‌లో అయిదు. డ్యూటీ దిగి, స్నానం చేసి కూర్చుంటే సరిపోతుంది. మాకు మాత్రం మొదటి బంతి వేసేసరికే పది అవుతుంది. ఆఖరి ఓవర్ అర్ధరాత్రి దాటాకే. 2024 జూన్ 29న బార్బడోస్‌లో టీ20 ప్రపంచ కప్ ఫైనల్ ఇక్కడ రాత్రి పదిన్నరకి మొదలైంది. దక్షిణాఫ్రికా మీద ఇండియా 7 పరుగుల తేడాతో గెలిచిందని కేక పెట్టే టైముకి కింద బ్లాకులన్నీ నిద్రపోతున్నాయి. ఇంగ్లీష్ ఫుట్‌బాల్ చూసే వాళ్ళ సంగతి ఇంకా ఘోరం. యూరప్ కప్పు మ్యాచ్‌లు తెల్లవారుజామున మూడింటికి కూడా ఉంటాయి.

ఆ టైములో రైస్ కుక్కర్ ఖాళీ. డార్మిటరీలో ఉన్నవాళ్ళకైతే కేటరింగ్ డబ్బా సాయంత్రమే చల్లారిపోయి ఉంటుంది. తెరిచి ఉండేది ఒక్కటే, ప్రాటా షాపు. ట్యూబ్ లైట్ల కింద పెనం, పెనం వెనక ఒక మనిషి, గోడ మీద టీవీ. మ్యాచ్ రాత్రి తిండిని రుచి కన్నా ముందు గడియారమే నిర్ణయించింది.

ఇంకో మాట, కొత్తగా వచ్చిన తమ్ముళ్ళ కోసం. 2015 ఏప్రిల్ 1 నుంచి ఇక్కడ రాత్రి పదిన్నర తర్వాత ఉదయం ఏడు దాకా బహిరంగ స్థలాల్లో మందు తాగకూడదు, షాపుల్లో పార్సిల్ అమ్మకూడదు. అంటే మన మ్యాచ్ మొదలయ్యే టైముకే ఆ దారి మూసేస్తారు. అందుకే మ్యాచ్ రాత్రి టేబుల్ మీద ఎక్కువగా కనిపించేది తే తారిక్, మైలో, వేడి రొట్టె.

సెంగ్‌కాంగ్ గురించి రెండు ముక్కలు

మేముండే సెంగ్‌కాంగ్ పాత ఊరేం కాదు. పేరుకి అర్థం ఐశ్వర్యాల రేవు. ఇక్కడికి దగ్గర్లో సెరంగూన్ నది ఒడ్డున కాంగ్‌కార్ అని ఒక జాలరి పల్లె ఉండేది. చుట్టూ తోటలు, కోళ్ళ ఫారాలు, పందుల ఫారాలు. అవన్నీ పోయి 1990ల్లో బ్లాకులు లేచాయి. 2003 జనవరిలో ఎల్ఆర్‌టీ, జూన్‌లో ఎంఆర్‌టీ వచ్చాయి. కాంపస్‌వేల్, రివర్‌వేల్, యాంకర్‌వేల్ అని పేటల పేర్లలో పడవల వాసన మాత్రం మిగిలింది.

హాకర్ సెంటర్ల విషయంలో ఈ ఊరు చాలా ఏళ్ళు వెనకబడి ఉంది. 2022లో ఫెర్న్‌వేల్‌లో, బువాంగ్‌కాక్‌లో వచ్చేదాకా మా వాళ్ళకి దిక్కు బ్లాకు కింద కాఫీ షాపులే. అందుకే ఇక్కడి తిండి చరిత్ర చెప్పాలంటే ఊరు దాటి నార్త్ బ్రిడ్జ్ రోడ్డు దాకా వెళ్ళక తప్పదు.

మడత రొట్టె

కాంపాంగ్ గ్లామ్‌లో సుల్తాన్ మసీదు తెలుసు కదా, బంగారు రంగు గుమ్మటం ఉంటుంది. ఇప్పుడున్న కట్టడం 1932లో పూర్తయింది. దాని ఎదురుగా నార్త్ బ్రిడ్జ్ రోడ్డు మీద జమ్ జమ్ అనే హోటల్ ఉంది. మసీదు కొత్త కట్టడం కన్నా ఈ హోటలే పాతది. 1908లో కేరళ నుంచి వచ్చిన ముస్లింలు పెట్టారు. దాని పక్కనే విక్టరీ అనే ఇంకో హోటల్, అదీ ఇంచుమించు ఆ కాలానిదే. రెండింటి పేరూ నిలబెట్టింది ఒకటే, ముర్తబాక్.

తయారీ చూడ్డమే సగం సరదా. నూనె పట్టించి నానబెట్టిన మైదా ముద్దని బల్ల మీద గాల్లోకి విసిరి విసిరి కొడతాడు. చేతి రుమాలంత ఉన్నది దుప్పటంత అవుతుంది, అవతలి వైపు వేళ్ళు కనిపించేంత పల్చగా. దాన్ని పెనం మీద పరిచి, మధ్యలో మసాలా వేసిన ఖీమా, ఉల్లిపాయ, గుడ్డు పోసి, నాలుగు వైపుల నుంచీ మడత పెట్టేస్తాడు. నెయ్యి వేసి రెండు వైపులా ఎర్రగా కాలుస్తాడు. చదరంగా కోసి, ఒక గిన్నెడు పులుసుతో, కెచప్ పోసిన దోసకాయ ముక్కలతో ఇస్తాడు. నలుగురు కూర్చుని ఒక పెద్దది తెప్పించుకుంటే పిజ్జాలాగే ముక్కలు పంచుకోవచ్చు. ఆట చూస్తూ ఒక చేత్తో తినడానికి ఇంతకన్నా అనువైనది నేను చూడలేదు.

పేరు అరబ్బీది. ముతబ్బక్ అంటే మడిచినది. యెమెన్‌లో, సౌదీలో ఇప్పటికీ అదే పేరుతో దొరుకుతుంది. జెడ్డాలో, రియాద్‌లో ఉన్న మన శ్రోతలకి నేను చెప్పక్కర్లేదు. ఇండోనేషియాలో మర్తబాక్ అంటారు. మన భాషలో చెప్పుకోవాలంటే మడత రొట్టె. తాపేశ్వరం మడత కాజా తిన్నవాడికి ఈ కిటుకు వెంటనే అర్థమవుతుంది. మడతల మధ్యే రుచి దాక్కుంటుంది.

ఆ అరబ్బులు మనకీ తెలిసినవాళ్ళే

ఈ కథలో నన్ను కూర్చోబెట్టేసిన సంగతి ఇది. సింగపూర్ అరబ్బుల్లో ఎక్కువ మంది యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చినవాళ్ళు. అల్‌జునీద్, అల్‌సగాఫ్, అల్‌కాఫ్ కుటుంబాలు అవే. మనం రోజూ దాటే అల్‌జునీద్ స్టేషన్ పేరు ఆ ఇంటి పేరే. రంజాన్ బజారు జరిగే గేలాంగ్ సెరాయ్ ఉంది చూశారూ, సెరాయ్ అంటే నిమ్మగడ్డి. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడ అల్‌సగాఫ్ వాళ్ళ నిమ్మగడ్డి తోట ఉండేది.

ఇప్పుడు హైదరాబాద్ రండి. చాంద్రాయణగుట్ట దగ్గర బార్కస్. నిజాం సైన్యంలో పనిచేసిన అరబ్బుల బ్యారక్స్ ఉన్న చోటు, ఆ మాటే తిరిగి తిరిగి బార్కస్ అయింది. వాళ్ళదీ హద్రమౌతే. ఇవాళ అక్కడ మండీ తినడానికి జనం క్యూ కడతారు. అంటే ఒకే ఎండిపోయిన లోయ నుంచి బయల్దేరిన మనుషుల్లో కొందరు పడమటి గాలికి హైదరాబాద్ చేరి సిపాయిలయ్యారు, కొందరు ఇంకా ముందుకెళ్ళి సింగపూర్‌లో వర్తకులయ్యారు. ఆదిలాబాద్ నుంచో కరీంనగర్ నుంచో గల్ఫ్‌కి వెళ్ళే మన అన్నదమ్ములు దాటేది అదే సముద్రం, కాకపోతే ఎదురు దిశలో.

వాళ్ళూ మనలాగే ఇంటికి డబ్బు పంపినవాళ్ళే. అల్-ఖుఐతీ అనే కుటుంబం నిజాం కొలువులో జమేదార్లుగా ఉండి సంపాదించిన డబ్బుతో హద్రమౌత్‌లో ఏకంగా ఒక సుల్తాన్ రాజ్యాన్నే నిలబెట్టుకుంది. ముకల్లా దాని రేవు పట్నం. ఊళ్ళో ఒక స్లాబ్ ఇల్లు వేస్తే గొప్ప అనుకునే మనకి ఇది కొంచెం ఎక్కువగానే అనిపిస్తుంది, కానీ దారి అదే దారి.

ఇలాంటి రాకపోకలే హైదరాబాద్ పళ్ళెంలోకి కూడా చదరపు మాంసం రొట్టెని తెచ్చాయి. పెళ్ళిళ్ళలో లుఖ్మీ తిన్నారా? ఖీమా కూరిన నలుచదరపు ముక్క. లుఖ్మా అంటే ముద్ద, నోట్లో పెట్టుకునేంత. ముర్తబాక్ పెద్దన్న అనుకుంటే లుఖ్మీ చిన్న తమ్ముడు. నేను మొదటిసారి జమ్ జమ్‌లో కూర్చున్నప్పుడు పరాయి తిండి అనిపించకపోవడానికి కారణం ఇదేనని తర్వాత అర్థమైంది.

జాన్ ఎవరు?

ఇక రోటీ జాన్. ఇది పక్కా ఇక్కడి శాండ్‌విచ్. పొడుగాటి బ్రెడ్డుని నిలువునా చీలుస్తారు. గిలకొట్టిన గుడ్డులో మటన్ ఖీమా, ఉల్లిపాయ కలిపి పెనం మీద పోస్తారు. అది గట్టిపడేలోపే బ్రెడ్డుని బోర్లా దాని మీద పెట్టి అదిమి పడతారు. తిరగేస్తే ఆమ్లెట్ బ్రెడ్డుకి అతుక్కుపోయి ఉంటుంది. పైన చిల్లీ సాస్, ఈమధ్య మయొనీస్, చీజ్ కూడా. మన రైల్వే స్టేషన్ బ్రెడ్ ఆమ్లెట్‌కి కండ పడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

పేరు సంగతి ఇలా చెప్తారు. అప్పట్లో ఇక్కడి జనం తెల్లవాళ్ళు ఎవరైనా సరే జాన్ అనేవాళ్ళు. మనం దొర అన్నట్టు. బ్రిటిష్ సిపాయో నావికుడో ఒకడు వచ్చి హాంబర్గర్ అడిగాడట. మలయ్ బండివాడి దగ్గర అది లేదు. ఉన్న బ్రెడ్డు, గుడ్డు, ఖీమా, ఉల్లిపాయతో ఒకటి చేసి, ఇదిగో జాన్, రొట్టె అని చేతిలో పెట్టాడట. కథలో ఊరు మారుతుంది, సంవత్సరం మారుతుంది, కానీ బండివాడూ జాన్ మాత్రం మారరు. తర్వాత 1970ల నుంచి బొటానిక్ గార్డెన్స్ ఎదురుగా ఉండే తమన్ సెరాసి హాకర్ సెంటర్ దీనికి పేరుపడింది.

కథ వెనక ఉన్న చరిత్ర మాత్రం గట్టిదే. సెంబవాంగ్‌లో బ్రిటిష్ వాళ్ళ పెద్ద నౌకా స్థావరం ఉండేది, దాని చుట్టూ వేలమందికి బతుకుతెరువు ఉండేది. ఆ పనుల కోసం మన దేశం నుంచి, ముఖ్యంగా కేరళ నుంచి వచ్చినవాళ్ళు చాలామంది. 1968 జనవరిలో బ్రిటన్ సైన్యాన్ని వెనక్కి తీసుకుంటామని ప్రకటించింది. 1971 అక్టోబర్ నాటికి చాలా వరకు ఖాళీ చేసేసింది. జాన్‌లు వెళ్ళిపోయారు. రొట్టె మిగిలింది. దాని మీద పేరు కూడా మిగిలింది.

ఇక్కడే నాకు ఒక ముల్లు గుచ్చుకుంటుంది. అడిగినవాడి పేరు రొట్టెకి పెట్టారు. చేసినవాడి పేరు ఏమైంది? పెనం ముందు నిలబడి, లేనిదాన్ని ఉన్నవాటితో పుట్టించిన మనిషి కథలో బండివాడుగా మాత్రమే ఉన్నాడు. మనం కట్టిన బిల్డింగులకి, వెల్డింగ్ చేసిన ఓడలకి పేర్లు ఎవరివి ఉంటాయో మీకు తెలుసు. అందుకే ఈ శాండ్‌విచ్ కథ నాకు తిండి కథలా అనిపించదు.

ఆట రోజు, కల్లాంగ్ రోజుల్లో

సింగపూర్‌లో ఆట అంటే మొదట ఫుట్‌బాల్. 1973లో కల్లాంగ్‌లో నేషనల్ స్టేడియం కట్టారు, 55 వేల మంది పట్టేవాళ్ళు. మలేషియా కప్ మ్యాచ్ ఉంటే అక్కడ లేచే కేకలకి కల్లాంగ్ గర్జన అని పేరు. 1994 డిసెంబర్ 17న షా ఆలంలో జరిగిన ఫైనల్‌లో ఫాండి అహ్మద్ కెప్టెన్‌గా సింగపూర్ పహాంగ్‌ని 4-0తో ఓడించింది. అబ్బాస్ సాద్ మూడు గోల్స్ వేశాడు. వేలమంది బస్సుల్లో కాజ్‌వే దాటి వెళ్ళి చూసొచ్చారు. పాత కాపురస్తులు ఇప్పటికీ మ్యాచ్ రాత్రి అంటే ఆ రాత్రి గురించే మొదలుపెడతారు. కాగితం పొట్లంలో కచాంగ్ పుతే, అంటే వేయించిన శనగలు, పల్లీలు అమ్మినవాళ్ళు కూడా తమిళ వలసదారులే.

ఫుట్‌బాల్ మనది కాదు అనుకోకండి. 1962లో పక్కనే జకార్తాలో ఆసియా క్రీడల ఫైనల్‌లో కొరియాని 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చిన ఇండియా జట్టుకి కోచ్ హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీం. ఆ జట్టులో ఆడిన తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టినవాడు.

వీధి బర్గర్ సంగతి కూడా ఒక్క మాటలో చెప్పాలి. 1979లో మలేషియాలో రామ్లీ మొక్నీ అనే ఆయన మొదలుపెట్టిన రామ్లీ బర్గర్ అక్కడి రాత్రి బజార్లని ఏలేసింది. మాంసం ముద్దని పల్చటి ఆమ్లెట్‌లో చుట్టి ఇస్తారు. సరిగ్గా అదే ఏడాది సింగపూర్‌లో మొదటి మెక్‌డొనాల్డ్స్ ఆర్చర్డ్ రోడ్డు మీద లియాట్ టవర్స్‌లో తెరిచారు. ఏసీలో కూర్చునే బర్గరూ, ఫుట్‌పాత్ మీద నిలబడి తినే బర్గరూ ఒకే ఏడు పుట్టాయన్నమాట.

ప్రపంచంలో మిగతా చోట్ల కూడా ఇంతే

మొదట్లో అమెరికా శాండ్‌విచ్‌లు అన్నాను కదా. ఫిలడెల్ఫియాలో 1930లో ఒలివియరీ అన్నదమ్ములు హాట్‌డాగ్ బండి మీద పల్చటి మాంసం వేయించి బ్రెడ్డులో పెట్టారు. చీజ్ తర్వాత వచ్చింది. వాళ్ళు ఇటలీ నుంచి వలస వెళ్ళిన కుటుంబం వాళ్ళు. షికాగో ఇటాలియన్ బీఫ్ కూడా వలస కూలీలదే. గట్టిగా ఉండే చవక మాంసాన్ని పులుసులో ఉడికించి, పల్చగా కోసి పదిమందికి సరిపెట్టే ఉపాయం అది. పిజ్జా నేపుల్స్ వీధుల్లో పేదవాళ్ళు నిలబడి తినే రొట్టె. వలస వెళ్ళినవాళ్ళతో న్యూయార్క్ చేరి, 1905లో లొంబార్డీ దుకాణంతో అక్కడ స్థిరపడిందంటారు.

బెర్లిన్ కథ మనకి ఇంకా దగ్గర. 1961లో జర్మనీ టర్కీతో ఒప్పందం చేసుకుని ఫ్యాక్టరీలకి కూలీల్ని రప్పించింది. అతిథి కార్మికులు అనేవాళ్ళు. పేరు అతిథి, పని కొలిమిలో. టర్కీ నుంచి జర్మనీ వెళ్ళినవాళ్ళలో కాదిర్ నూర్మన్ అనే ఆయన 1972లో డోనర్ మాంసాన్ని రొట్టెలో పెట్టి చేతికివ్వడం మొదలుపెట్టాడని చెప్తారు. కూలివాడికి కూర్చుని తినే టైము లేదని ఆయన గమనించాడు. ఇవాళ జర్మనీలో ఫుట్‌బాల్ మ్యాచ్ రాత్రి డోనర్ లేకుండా గడవదు. కనీసం ఆయన పేరు మిగిలింది, అదో తృప్తి.

ఈ కథలన్నింటిలోనూ ఒకే పద్ధతి కనిపిస్తుంది. చవక మాంసం, చేతికి పట్టే రొట్టె, వేడి పెనం, రాత్రి పని. చేసేవాడు వలసవాడు, మొదట తినేవాడు కూడా వలసవాడే. ఇరవై ముప్ఫై ఏళ్ళు గడిచాక అది ఊరి తిండి అయిపోతుంది. 2020 డిసెంబర్‌లో సింగపూర్ హాకర్ సంస్కృతిని యునెస్కో తన జాబితాలో చేర్చింది. అదే ఏడాది ఏప్రిల్ 5న మా పక్కనే పొంగోల్‌లోని పెద్ద డార్మిటరీని కోవిడ్ వల్ల మూసి, లోపల ఉన్న వేలమందిని కదలకుండా ఉంచారు. మూడు పూటలా పొట్లాలే. ఒకే ఊళ్ళో ఒకే ఏడాది జరిగిన రెండు సంగతులివి. పక్కపక్కన పెట్టి చూస్తే వలసవాడి తిండికి ఎంత గౌరవం వస్తుందో, వలసవాడికి ఎంత ఆలస్యంగా వస్తుందో తెలుస్తుంది.

చివరగా, పనికొచ్చే మాటలు

మొదటిసారి తెప్పించుకునేవాళ్ళకి. కంబింగ్ అంటే మటన్, ఆయమ్ అంటే కోడి, దాగింగ్ అంటే మామూలుగా బీఫ్. తినని వాళ్ళు ముందే అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు. సార్డిన్ ముర్తబాక్ కూడా దొరుకుతుంది, చేపల పులుసు ఇష్టమున్నవాళ్ళకి నచ్చుతుంది. ఇద్దరికి మీడియం చాలు, నలుగురైతే పెద్దది చెప్పండి, చిల్లర మిగులుతుంది. మ్యాచ్ మొదలవకముందే ఆర్డర్ ఇవ్వండి. పవర్‌ప్లే మధ్యలో అడిగితే పెనం దగ్గర అన్న ముఖం చిట్లిస్తాడు, ఎందుకంటే ఆయనా స్కోరు చూస్తున్నాడు.

ఆ అన్న సంగతే ఇంకొంచెం. మేం వెళ్ళే షాపులో ఆయన టీవీకి వీపు పెట్టి నిలబడతాడు, పెనం అటువైపు ఉంది మరి. కేకలు విని అవుటా, సిక్సా పోల్చుకుంటాడు. ఆయనది రామనాథపురం జిల్లా. మాలో ఒకడిది శ్రీకాకుళం, ఒకడిది నిజామాబాద్. ఆయన మమ్మల్ని తంబీ అంటాడు, మేం అన్నా అంటాం, ఆయనకి అన్నే అని వినిపిస్తుందేమో. వాళ్ళ ఊరేదో అడిగిన రోజు నుంచి మా పులుసు గిన్నె కాస్త నిండుగా వస్తోంది. మీరూ ఈసారి వెళ్ళినప్పుడు రొట్టె పేరుతో పాటు చేసేవాళ్ళ పేరు కూడా అడగండి.

మీరు ఏ దేశంలో ఉన్నా సరే, మ్యాచ్ రాత్రి మీ దగ్గర ఏం తింటారో, ఎవరు చేస్తారో వాయిస్ నోట్ పంపండి. గల్ఫ్ షవర్మా వాళ్ళు ముందుగా పంపాలి, మీ మీద ఒక పూర్తి ఎపిసోడ్ బాకీ ఉంది. వచ్చే ఎపిసోడ్ తే తారిక్ గురించి. అల్లం టీ అమ్మిన సరబత్ బండ్ల దగ్గర మొదలుపెడతాను. ఉంటాను మరి.